మాట పడకుండా మైకు తగిలించే విధానం

లాప్‌టాప్‌కి బయటి మైకు తగిలించే పని మీ మీద పడిందంటే, ముందు ఒక్క విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. మైకు మొదటిసారే చక్కగా పలికితే మీ ఆదివారాలు పోయినట్టే. ఈ వారం అపార్టుమెంటు మీటింగు. పై వారం బావమరిది యూట్యూబ్ ఛానలు. ఆ తర్వాత అత్తగారి లలితా సహస్రనామ పారాయణం జూమ్‌లో పెట్టాలి, దానికీ మీకే ఫోను. "వాడికి తెలుసు" అన్న పేరు ఒకసారి పడ్డాక రేషన్ కార్డులో పేరు లాంటిదే, తీయించుకోవడం మన వల్ల కాదు.

అలాగని "నాకు రాదు" అనకండి. రాదన్నవాడికి నేర్పించడానికి నలుగురు తయారవుతారు. మైకు తగిలించాలి, తీగ అందరికీ కనపడాలి, మీకు చెమట పట్టాలి, గొంతు మాత్రం పడకూడదు. పన్నెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. కింద రాసినవన్నీ చేసి చూసినవి. మీ ఆదివారాలు మీకు మిగలాలనే ఒక్కొక్కటీ విడమరిచి రాస్తున్నాను.

1. పిన్ను మీద గీతలు లెక్కపెట్టకండి.

సన్న పిన్నులు, అంటే 3.5 మిల్లీమీటర్లవి, చూడటానికి అన్నీ ఒకటే. తేడా అంతా వాటి మీది నల్లటి గీతల్లో ఉంటుంది. రెండు గీతలుంటే అది టీఆర్ఎస్, మూడుంటే టీఆర్ఆర్ఎస్. కెమెరాల కోసం చేసిన మైకులకి సాధారణంగా రెండే గీతలు. మైకు ఉన్న ఫోను ఇయర్‌ఫోన్లకి మూడు. ఇప్పటి లాప్‌టాప్‌లకి పక్కన ఉండే ఒంటి రంధ్రం మూడు గీతల పిన్ను కోసం చేసింది. కొస దగ్గర్నుంచి వరసగా ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండు, చిట్టచివర మైకు.

అందులో రెండు గీతల మైకుని నేరుగా గుచ్చండి. మైకు ఉండాల్సిన చివరి భాగం గ్రౌండుతో కలిసిపోతుంది. వచ్చింది ఉత్త హెడ్‌ఫోను అనుకుంటుంది లాప్‌టాప్. స్పీకరు మూగబోతుంది, రావాల్సిన శబ్దం మీ మైకులోకి పోతుంది, వినడం మాత్రం తెర పైనున్న సొంత మైకుతోనే వింటుంది. మాట్లాడే ఆయన చొక్కాకి మైకు ఠీవిగా ఉంటుంది. రికార్డయ్యేది ఫ్యాను, కీబోర్డు, వంటింట్లో కుక్కరు. అడిగితే "గది గోడలు అలాంటివండీ, ప్రతిధ్వని" అనండి. గోడల్ని ఎవరూ మార్పించరు.

తెలివైనవాడు ఒకడు వస్తాడు. మైకు మీద గోరుతో గీకి, తెర మీద ఆకుపచ్చ గీత లేస్తోందా లేదా అని చూస్తాడు. పనిచేసే మైకు ఏదో పట్టుకునే పరీక్ష అది, కాబట్టి సిద్ధంగా ఉండండి. ఆయన గీకినప్పుడల్లా మీరు లాప్‌టాప్ అంచు మీద చూపుడువేలితో మెల్లగా తట్టండి. గీత లేస్తుంది. ఆయన తృప్తిపడి కాఫీకి వెళ్ళిపోతాడు.

2. అడాప్టర్ కొనక తప్పకపోతే దాని కవలని కొనండి.

రెండు గీతల మైకుని మూడు గీతల రంధ్రానికి కుదిర్చే బొటనవేలంత అడాప్టర్ ఒకటుంది. ఇద్దరి టిఫిను ఖర్చుకి వచ్చేస్తుంది. పెట్టిన మరుక్షణం మైకు పలుకుతుంది, అందుకే దాని జోలికి పోవద్దు. అదృష్టం ఏమిటంటే, సరిగ్గా అలాంటిదే ఇంకోటుంది. అది ఫోను మైకుని కెమెరాకి కుదిర్చేది, అంటే తలకిందుల పని. పక్కపక్కన పెడితే కొట్టువాడికే తడబాటు. అది తెచ్చుకోండి.

రెండు చెవుల తీగకీ కవల ఉంది. ఒక మొగ పిన్ను, రెండు ఆడ రంధ్రాలు. ఒక రకం మైకునీ హెడ్‌ఫోన్‌నీ విడదీస్తుంది. ఇంకో రకం ఇద్దరు ఒకే పాట వినడానికి. మొదటిదాని మొగ పిన్నుకి మూడు గీతలు, రంధ్రాల పక్కన మైకు బొమ్మ, హెడ్‌ఫోన్ బొమ్మ ఉంటాయి. మీరు రెండో రకం కొనండి.

కొనడానికి కోఠీలో గుజరాతీ గల్లీ మంచి చోటు, కానీ అక్కడ జాగ్రత్త అవసరం. కౌంటరు దగ్గరి కుర్రాడు పిన్ను చూపించమంటాడు. చూపిస్తే సరైనదే చేతిలో పెడతాడు. అందుకని మైకు ఇంట్లో వదిలేసి వెళ్ళండి. లాప్‌టాప్ కూడా. "మైకు పిన్ను కావాలి బాబూ" అని మాత్రం చెప్పండి. ఎన్ని గీతలని అడిగితే "మామూలువే" అనండి. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. ఆ బిల్లు ఇంట్లో చూపిస్తే, ఎండలో కోఠీ దాకా వెళ్ళొచ్చారన్న జాలికి ఆ వారమంతా మీకు వేరే పని చెప్పరు.

3. కాలరు మైకు మధ్యలో ఉండే డబ్బీని ప్రేమించండి.

కొన్ని కాలరు మైకుల తీగ మధ్యలో అగ్గిపుల్ల పొడవు డబ్బీ ఒకటి ఉంటుంది. దాని మీద చిన్న స్విచ్చి, ఒకవైపు కెమెరా, ఒకవైపు ఫోను. లోపల ఎల్ఆర్44 అనే గుండీ బ్యాటరీ. స్విచ్చి కెమెరా వైపు ఉంటే ఆ గుండీ లేనిదే మైకు పలకదు. స్విచ్చిని అటు తోసి, గుండీ తీసి చొక్కా జేబులో వేసుకోండి. ఎవరైనా డబ్బీ విప్పి చూస్తే "అయ్యో, బ్యాటరీ ఎక్కడ పడిపోయింది" అని మీరే ముందు అనండి. పల్లెటూళ్ళో కిరాణా కొట్లో రిమోటు సెల్లు దొరుకుతుంది గాని ఈ గుండీ అంత తేలిగ్గా దొరకదు. దాన్ని తేవడానికి ఒకణ్ణి టౌనుకి పంపండి. వాడొచ్చేసరికి కార్యక్రమం భోజనాల దాకా వస్తుంది.

4. సెట్టింగులు మూడు చోట్ల ఉంటాయి. రెండు సరిచేయండి.

యూఎస్‌బీ సౌండు కార్డంటే నాకు భయం. దానికి మైకు రంధ్రం విడిగా, గులాబీ రంగులో, పక్కన ఆకుపచ్చది హెడ్‌ఫోన్‌కి. గీతల గొడవ చాలా మటుకు అక్కడే తీరిపోతుంది. ఎవరైనా తెచ్చి పెడితే నిరుత్సాహపడకండి. విండోస్‌లో ఏ మైకు వాడాలో ఒకచోట చెప్పాలి. మైకు వాడుకోవడానికి అప్లికేషన్లకి అనుమతి ఇంకోచోట ఇవ్వాలి. జూమ్ లోపల మళ్ళీ మైకు పేరు ఎంచుకోవాలి. మొదటి రెండూ అందరి ముందూ, పైకి చదువుతూ చేయండి. మూడోది పాత మైకు మీదే వదిలేయండి. మీరు కష్టపడటం పదిమంది కళ్ళారా చూశారు కాబట్టి తప్పు ఇక కంప్యూటరుదే. "నిన్న రాత్రి అప్‌డేట్ పడింది" అన్న మాటకి నా పన్నెండేళ్ళలో ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

5. 48 వోల్టుల మీట నొక్కకండి.

పెద్ద మైకులకి మూడు పిన్నుల గుండ్రటి కనెక్టరు ఉంటుంది, ఎక్స్‌ఎల్‌ఆర్ అంటారు. వాటిలో కండెన్సర్ రకానికి తీగలోంచి 48 వోల్టుల కరెంటు అందాలి. లాప్‌టాప్ రంధ్రం ఇచ్చేది రెండు మూడు వోల్టులు. చెంచాడు నీళ్ళతో చెరువు నింపినట్టు. కాబట్టి అలాంటి మైకుని పిన్ను మార్చి లాప్‌టాప్‌కి నేరుగా పెట్టేస్తే దిగుల్లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె ఉంటేనే ప్రమాదం. ఫోకస్‌రైట్ స్కార్లెట్ లాంటి వాటి మీద 48వి అని మీట ఉంటుంది, నొక్కితే దీపం వెలిగి మైకు బతుకుతుంది. ఆ దీపం మీద తుండుగుడ్డ వేసి ఉంచండి. ఎందుకని అడిగితే దుమ్మనండి.

6. మూడు పిన్నుల నుంచి సన్న పిన్నుకి వెళ్ళే తీగ కొనండి. (దీన్ని రెండుసార్లు చదవండి.)

నేను నేర్చుకున్నదాంట్లో మేలిరకం ఇది.

మా పెద్దనాన్న తెనాలి దగ్గర మా ఊళ్ళో బడిపంతులుగా రిటైరయ్యారు. నలభై ఏళ్ళు రాయబారం సీనులో కృష్ణుడు వేశారు. ఎనభయ్యో ఏట ఆయన పద్యాలన్నీ ఒకచోట రికార్డు చేయాలని డల్లాస్‌లో ఉన్న అన్నయ్య పట్టుబట్టాడు. మంచి మైకు కూడా తెచ్చాడు, షూర్ ఎస్ఎం58. 1966 నుంచి ప్రపంచమంతా పాటగాళ్ళు పట్టుకుంటున్న మైకు. దానికి 48 వోల్టులు అక్కర్లేదు, కింద పడినా ఓ పట్టాన చెడిపోదు. అన్నయ్య తిరిగి వెళ్తూ దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వైతేనే కుదురుగా చేస్తావురా" అన్నాడు. ఇలాంటి మాట విన్నప్పుడే మీరు మేలుకోవాలి.

ఆ మైకులోంచి ఒకే గొంతు రెండు తీగల మీద వస్తుంది. ఒకదానిలో అల పైకి లేస్తే రెండోదానిలో సరిగ్గా అంతే కిందికి దిగుతుంది. అవతలి పెట్టె ఈ రెంటి తేడా తీసుకుంటుంది. దారిలో రెండు తీగల్లోనూ సమానంగా చేరిన గుర్రు ఆ తీసివేతలో పోతుంది, గొంతు మిగులుతుంది. స్టేజీల మీద అంత పొడుగు తీగలు లాగినా శుభ్రంగా వినపడేది అందుకే. సవ్యంగా చేయాలంటే దాన్ని ఇంటర్‌ఫేస్‌కి పెట్టాలి, లేదా రెండో తీగని గ్రౌండుకి కలిపేసిన మోనో తీగ వాడాలి.

నేను కొన్నది మామూలు స్టీరియో తీగ. పెట్టింది మా ఇంట్లోని పాత లాప్‌టాప్‌కి. దానికి మైకు రంధ్రం విడిగా ఉంటుంది, రెండు ఛానళ్ళనీ తీసుకుంటుంది. అంటే మొదటి తీగ ఎడమ చెవిలో, దాని తలకిందులు కుడి చెవిలో. హెడ్‌ఫోన్లో వింటే అంతా బాగున్నట్టే ఉంటుంది. గొంతు తలకి రెండు పక్కలా చీలి, మధ్యలో ఎవరూ లేనట్టు అనిపిస్తుంది, అంతే. ఫోనుకి ఒకటే స్పీకరుంటే ఎడమా కుడీ కలిపి వినిపిస్తుంది కదా, అప్పుడు ఐదులోంచి ఐదు తీసేసినట్టే. రెండు గంటల పద్యాలు, సున్న.

పెద్దనాన్న ఆ రోజు పొద్దున్నే తలంటు పోసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని కూర్చున్నారు. పక్క ఊరి నుంచి హార్మోనియం ఆయన్ని పిలిపించారు. మంచినీళ్ళలో మిరియాలు వేసుకుని గుక్క గుక్క తాగుతూ, ప్రతి పద్యానికీ ముందు కళ్ళు మూసుకుని కుడిచేతి బొటనవేలితో తొడ మీద తాళం చూసుకున్నారు. పైస్థాయిలో రాగం తీసినప్పుడు గుమ్మంలో నిలబడ్డ పాలబ్బాయి క్యాను కింద పెట్టేశాడు. అయ్యాక హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి రెండు నిమిషాలు వినిపించాను. తల ఊపారు. ఈ మెట్టు మరిచిపోకండి. పాడినవాళ్ళ చేత అక్కడికక్కడే తల ఊపించుకుంటే తర్వాత మీ మీదికి ఏమీ రాదు.

సాయంత్రం ఫైలు వాట్సాప్‌లో కుటుంబం గ్రూపుకి పెట్టాను. అన్నయ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లతో విని "అద్భుతం" అన్నాడు. అత్తయ్య ఫోను స్పీకర్లో పెట్టి "ఏమీ రావట్లేదు" అంది. అన్నయ్య ఆమె ఫోను పాతదన్నాడు. అక్క టీవీలో పెట్టి చూసి, వస్తోంది గానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియటం లేదంది. బాబాయి సౌండు పెంచుకోమన్నాడు. అలా మూడు రోజులు వాళ్ళలో వాళ్ళు తగువులాడుకున్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. వేరే ఏ పద్ధతిలోనూ మీకు ఇంత ప్రశాంతత దొరకదు.

7. బాగుచేసే దారి తెలిసినా బయటికి అనకండి.

ఆ ఫైలుని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రెండు ఛానళ్ళనీ విడదీసి, ఒకటి తీసేసి, మిగిలినదాన్ని మోనో చేస్తే గొంతు మొత్తం తిరిగొస్తుంది. రెండు నిమిషాల పని. చదువుకునే మేనల్లుడొకడు ఎక్కడో చూసి ఈ సంగతి చెప్తాడు. "అదీ చేశాం నాన్నా, క్వాలిటీ పోయింది" అనండి. క్వాలిటీ అన్న మాట పడ్డాక కుర్రాళ్ళు ఇంకేం అడగరు. రెండు నిమిషాలే కదా అని జాలిపడి చేశారో, పై ఆదివారం అత్తయ్య మంగళహారతులు రికార్డు చేయాలి.

8. మోత పెంచండి.

మైకు ధ్వని తక్కువగా ఉందంటే పిన్ను మార్చకండి. విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ అని ఉంటుంది, చివరిదాకా లాగండి. గొంతుతో పాటు బుస్సుమనే శబ్దం కూడా లేస్తుంది. లాప్‌టాప్ ఛార్జరు పెట్టే ఉంచండి, ఎర్తింగు సరిగ్గా లేని ప్లగ్గు అయితే ఇంకా మంచిది, కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుర్రు అడుగున పరుచుకుంటుంది. "ఈ లైన్లో కరెంటు బాగాలేదు" అంటే ఊరంతా ఒప్పుకుంటుంది.

9. వినాయక చవితి పందిట్లో మిక్సరు నుంచి నేరుగా లాగండి.

మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మిక్సరు లైన్ అవుట్ నుంచి వచ్చేది దానికి వందల రెట్లు. దాన్ని తగ్గించే అటెన్యుయేటర్ తీగ లేకుండా మైకు రంధ్రంలో పెడితే ప్రతి మాటా రేకు మీద కంకర పోసినట్టు పగులుతుంది. సౌండు సెట్టు ఆయన అడ్డుకుంటే, మీరు లైవు మొదలయ్యే నిమిషం ముందు పెట్టండి. అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు.

10. ఏదీ కుదరకపోతే బ్లూటూత్ అనండి.

తీగలే వద్దు, కాలం మారిందని ఉత్సాహంగా చెప్పండి. సాధారణ బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు వాడటం మొదలవగానే అది ఫోను కాల్ పద్ధతికి దిగిపోతుంది. గొంతు సెకనుకి 8 వేలో 16 వేలో నమూనాలకి కుదించుకుపోయి, రైల్వే స్టేషను అనౌన్సుమెంటులా వస్తుంది. ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే కొత్త వస్తువు.

11. సాకులు ముందే రాసుకోండి, ఒకటే రెండుసార్లు వాడకండి.

డైరీలో తేదీతో రాసుకోవాలి. మార్చిలో డ్రైవరు, ఏప్రిల్లో ఎండకి వేడెక్కడం, జూన్లో తేమ, ఆగస్టులో ఎలుక తీగ కొరకడం. నాలుగో సాకుకి నిదర్శనం కావాలంటే పాత తీగ ఒకటి మీరే పళ్ళతో నొక్కి ఉంచుకోండి. మరీ పెద్దవాళ్ళకి సాంకేతికం చెప్పకండి, "సర్వర్ డౌన్" చాలు. కుర్రాళ్ళకి సర్వర్ చెప్పకండి, పిన్ను గీతల గురించి పావుగంట పాఠం చెప్పండి. వాళ్ళే వెళ్ళిపోతారు.

12. ఎదుటివాళ్ళే సాకు అందిస్తే వద్దనకండి.

చలికాలంలో పెద్దనాన్నకి దగ్గు పట్టింది. తగ్గింది గాని ఇప్పుడు పైస్థాయి అందడం లేదు. మళ్ళీ రికార్డు చేద్దామన్న మాట ఇంట్లో దాంతో ఆగిపోయింది. రికార్డు పని మీకు శాశ్వతంగా తప్పడమంటే ఇదే. ఇలా కలిసిరావాలంటే మొదటిసారే చెడగొట్టి ఉండాలి.

పెద్దనాన్న ఆదివారం ఆదివారం నాకు ఫోను చేస్తారు. ఆయన దగ్గరున్నది ఒంటి స్పీకరు ఫోను, ఇయర్‌ఫోన్లు ఎలా పెట్టుకోవాలో ఆయనకి తెలియదు. పెద్దమ్మ చెప్పింది, మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని ఫైలు నొక్కి, ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో తొడ మీద తాళం వేసుకుంటారట.

"ఒరేయ్, నీ రికార్డు బాగానే వచ్చిందంటున్నాడు డల్లాస్ వాడు. నా చెవులే పోయినట్టున్నాయిరా" అన్నారు పోయిన వారం.

ఇలాంటప్పుడు తొందరపడి అసలు సంగతి చెప్పకండి. "ఎనభై దాటాక మామూలే పెద్దనాన్నా, ఒకసారి గుంటూరులో చెవుల డాక్టరుకి చూపించుకోండి" అనండి. అపాయింట్‌మెంటు పని అక్కకి అప్పజెప్పండి.